మెట్లెక్కే ముందు అడగాల్సినవి

(తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం. హాజరైనవాళ్ళు పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాసి పెట్టెలో వేశారు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మా క్లినిక్ మొదటి అంతస్తులో ఉంటుంది. కింద మందుల షాపు, దాని పక్కన జిరాక్స్ షాపు, మధ్యలో ఇరుకు మెట్లు. మొత్తం 19 మెట్లు. ఎవరు ఎక్కుతున్నా లోపల కూర్చున్న నాకు చప్పుడు వినబడుతుంది. రెండేళ్ళ కిందట ఒకామె మూడు మంగళవారాలు వరసగా సగం మెట్ల దాకా వచ్చి, కాసేపు ఆగి, దిగి వెళ్ళిపోయింది. మువ్వల పట్టీలు కాబట్టి మూడుసార్లూ వచ్చింది ఒకరేనని తెలిసింది. నాలుగో మంగళవారం పైకొచ్చింది. నలభై దాటిన మనిషి. పర్సు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. “మెట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయినారమ్మా?” అని అడిగాను. “మీరెంత తీసుకుంటారో తెలీదు మేడమ్. తీరా లోపలికొచ్చినాక తక్కువ పడితే ఏం ముఖం పెట్టుకుని చెప్పేది?” అంది.

ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే ఈ మాట మీకు చెప్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

అప్పటికి ఆర్నెల్లుగా ఆమెకు ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. చచ్చిపోతానేమోనన్న భయం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించుకుంది, అన్నీ నార్మలే. బస్సెక్కడం మానేసింది. అంత బాధ పడుతున్న మనిషిని నా గుమ్మం ముందు మూడు వారాలు ఆపింది జబ్బు కాదు, ఫీజెంతో తెలియకపోవడం. ఆ రోజు సాయంత్రమే ఒక కాగితం మీద ఫీజు, టైము, ఫోన్ నంబరు రాసి మెట్ల కింద అంటించాను. అంతకుముందే ఎందుకు అంటించలేదన్న బాధ నాకింకా ఉంది.

అందుకే ఈరోజు డిప్రెషన్ లక్షణాలేమిటి, యాంగ్జైటీ లక్షణాలేమిటి అని క్లాసు చెప్పను. అవి ఫోన్లో దొరుకుతాయి. మొదటిసారి వెళ్ళాలనుకునే మనిషికి వచ్చే చిన్న చిన్న అనుమానాల గురించే మాట్లాడతాను. అవి చిన్నవని ఎవరూ జవాబు చెప్పరు, అక్కడే మనిషి ఆగిపోతాడు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేశారు. మన రాష్ట్రం అందులో లేదు, పక్కనున్న తమిళనాడు ఉంది. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్ళలో చికిత్స అందనివాళ్ళు, జబ్బును బట్టి, నూటికి 70 నుంచి 92 మంది. అందరూ డబ్బు లేకే ఆగిపోయారనుకోను. చాలామంది ఏదో ఒక మెట్టు మీద నిలబడిపోయినవాళ్ళే.

ఇక చీటీలు తీస్తాను. మొదటిది: “సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్, ఎవరి దగ్గరికి పోవాలి?”

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మాత్రలు రాసేది ఆయనే. నేను క్లినికల్ సైకాలజిస్టుని. నేను మాత్రలు రాయను, రాయకూడదు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చేసే చికిత్స నాది, పరీక్షలు పెట్టి అంచనా వేయడం కూడా. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే భారత పునరావాస మండలిలో, అంటే అందరూ ఆర్‌సీఐ అంటారే, అందులో రిజిస్టరై ఉండాలి. ఆ మండలి 1992 నాటి చట్టం కింద నడుస్తుంది. మాకందరికీ ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, దాన్ని ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. “మేడమ్, మీ నంబరెంత?” అని మొహమాటం లేకుండా అడగండి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం కదా. నంబరు అడిగినందుకు కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర మీరు మనసు విప్పి మాట్లాడలేరు.

కౌన్సెలర్ అన్న మాట మాత్రం ఎవరు పడితే వాళ్ళు వాడుతున్నారు. మంచి చదువు, మంచి శిక్షణ ఉన్న కౌన్సెలర్లు ఉన్నారు. వారాంతపు కోర్సు చేసి బోర్డు తగిలించినవాళ్ళూ ఉన్నారు. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు అని అడిగి తెలుసుకోండి.

కొన్ని పరిస్థితుల్లో నా దగ్గరికి కాదు, ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్ళాలి. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనడం, తిండి మానేయడం, కాన్పయిన తర్వాత బాలింత ప్రవర్తన ఒక్కసారిగా మారిపోవడం. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. దానికి ఆసుపత్రే. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది. చిత్తూరు వైపువాళ్ళు వేలూరు సీఎంసీకి పోతారు, అక్కడ మానసిక చికిత్సా కేంద్రం బాగాయంలో ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ కూడా మనకు మరీ దూరమేం కాదు.

చాలామందికి మాత్రలూ కావాలి, సెషన్లూ కావాలి. డిప్రెషన్ మాత్రలు జ్వరం బిళ్ళలా పూటకే పని చెయ్యవు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే “పని చెయ్యలేదు” అని ఆపేసి నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎంతమందో. నేను వాళ్ళను తిరిగి డాక్టరు దగ్గరికే పంపుతాను.

రెండో చీటీ: “మొదటిరోజు లోపల ఏం చేస్తారు?” ఇది రాసినవాళ్ళకు దండం పెడతాను. అసలు భయమంతా ఇక్కడే ఉంది.

మంచం మీద పడుకోబెట్టరు. హిప్నాటిజం చేయరు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, అంతే. ముందు ఒక కాగితం ఇస్తాం. మీరు చెప్పేది ఎంతవరకు రహస్యంగా ఉంటుందో, ఫీజెంతో, రాలేకపోతే ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. చదివి, అర్థం కానిది అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. చదవడం రానివాళ్ళకు మేమే చదివి వినిపిస్తాం. తర్వాత ఒక గంట మాట్లాడతాం. ఎప్పటి నుంచి, ఎట్లా మొదలైంది, నిద్ర, తిండి, ఇల్లు, పని, ఇంతకుముందు జబ్బులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా. కొందరికి చిన్న ప్రశ్నల కాగితం ఇస్తాం, డిప్రెషన్‌కి తొమ్మిది ప్రశ్నలది, ఆందోళనకి ఏడు ప్రశ్నలది. అది పరీక్ష కాదు, పాసు ఫెయిలు లేదు. రెండు నెలల తర్వాత అదే కాగితం మళ్ళీ ఇస్తే తేడా మీకే కనిపిస్తుంది.

ఏదైనా ప్రశ్నకు జవాబు చెప్పాలనిపించకపోతే “ఇప్పుడు చెప్పలేను” అనండి. నేను మళ్ళీ అడగను. మీరు చెప్పాలనుకున్నరోజు చెప్తారు.

వచ్చేటప్పుడు పాత మందుల చీటీలు తెండి. చీటీలు లేకపోతే ఖాళీ మాత్రల అట్టలైనా తెండి. రక్తపరీక్షల రిపోర్టులు ఉంటే తెండి. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా మనిషి నీరసించి, దిగులుగా, డిప్రెషన్ వచ్చినట్టే ఉంటాడు. అది తేల్చకుండా మనసు మీద ఎన్ని మాటలు మాట్లాడినా లాభం లేదు.

మన వైపు ఎవరూ ఒంటరిగా రారు. అమ్మ, మేనమామ, ఒక్కోసారి పక్కింటి అక్క. రండి, తప్పేం లేదు. మొదటి పది నిమిషాలు అందరితో మాట్లాడి, తర్వాత అందరినీ బయట కూర్చోమంటాను. “నేను కన్నతల్లిని, నా ముందు చెప్పకూడనిది ఏముంటుంది?” అని కొందరమ్మలు బాధపడతారు. అమ్మా, మీ మీద ప్రేమ ఉండబట్టే పిల్లలు మీ ముందు చెప్పలేరు. మీరు తట్టుకోలేరని వాళ్ళ భయం.

ఏ మాటల్లో చెప్పాలో తెలియదని కూడా ఎవరో రాశారు. మీ ఇంట్లో మాటల్లోనే చెప్పండి. ‘గుండెల మీద బండ పెట్టినట్టుంది’, ‘మనసు మనసులో లేదు’, ‘కడుపులో దేవినట్టుంది’. డిప్రెషన్ అన్న మాట కంటే నాకు ఇవే ఎక్కువ చెప్తాయి. చిత్తూరు, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంట్లో తమిళం మాట్లాడతారు. ఏడుపొచ్చినప్పుడు మనిషి తన భాషలోకే పోతాడు. పోనివ్వండి.

ఇప్పుడు ఫీజు. ఎక్కువ చీటీలు దీని మీదే ఉన్నాయి.

నా దగ్గర మొదటి సెషన్‌కి 1000 రూపాయలు, తర్వాతి వాటికి 800. ఇంకో చోట ఇంకోలా ఉంటుంది. ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి: ఫీజెంత, సెషన్ ఎన్ని నిమిషాలు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, రసీదు ఇస్తారా. ఇబ్బందిగా ఉంటే అదీ చెప్పండి. “వారం వారం కట్టలేను మేడమ్” అంటే పదిహేను రోజులకొకసారి పెట్టుకుంటాం, మధ్యలో ఇంట్లో చెయ్యాల్సిన అభ్యాసం ఎక్కువిస్తాం. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. మొదటిరోజే ఇరవై సెషన్ల ప్యాకేజీ అని మొత్తం ముందే కట్టమంటే కట్టకండి. మిమ్మల్ని గంటసేపు చూసి మీకు సరిగ్గా ఇరవై కావాలని ఎవరూ చెప్పలేరు.

ఇన్సూరెన్స్ సంగతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఒంటి జబ్బుకు ఎట్లా బీమా ఇస్తారో మనసు జబ్బుకూ అట్లాగే ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. గంటసేపు మాట్లాడి ఇంటికి పోయే సెషన్‌కి సాధారణంగా రాదు. మీ పాలసీలో ఓపీ ఖర్చులు ఉన్నాయేమో చూసుకోండి. డబ్బు అసలే లేదా? ప్రభుత్వాసుపత్రి ఓపీ ఉంది. ఫోన్ కావాలంటే టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే నా అపాయింట్‌మెంట్ కోసం గురువారం దాకా ఆగకండి. ఆ నంబరుకు ఫోన్ చెయ్యండి, లేదా దగ్గరున్న ఆసుపత్రి క్యాజువాలిటీకి పోండి. పోలీసు కేసవుతుందని భయపడి దాచేవాళ్ళున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించకూడదని ఇదే చట్టం చెప్తోంది.

ఎన్ని సెషన్లు పడతాయి? ప్యానిక్, అంటే ఉన్నట్టుండి వచ్చే దడ, భయం, ఆందోళన లాంటివాటికి సీబీటీ అనే పద్ధతిలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ కొద్దికొద్దిగా మార్చుకునే పద్ధతిలో, మామూలుగా 8 నుంచి 16. చిన్నప్పటి గాయాలైతే ఇంకా ఎక్కువ. నాలుగైదు సెషన్లయ్యాక “మనం ఎక్కడున్నాం మేడమ్?” అని అడగండి, నేను చెప్పి తీరాలి.

మధ్యలో ఒకటి జరుగుతుంది, ముందే తెలిస్తే మంచిది. అలిపిరి నుంచి నడిచిపోయేవాళ్ళకు తెలుసు. గాలిగోపురం దాకా ఎక్కేసరికి ప్రాణం కళ్ళలోకి వస్తుంది. ఆ తర్వాత దారి చదునుగా ఉంటుంది, అయిపోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు మోకాళ్ళ పర్వతం వస్తుంది. సెషన్లలోనూ మూడో నాలుగోవారానికి కొందరికి బాధ ఎక్కువైనట్టుంటుంది. ఇన్నాళ్ళూ మూత పెట్టి ఉంచింది తీశారు కదా. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. మానేయాలనిపిస్తే మానేయాలనిపిస్తోందని వచ్చి చెప్పండి. ఆ ఒక్క సెషన్ చాలా పని చేస్తుంది.

మెట్ల మీద ఆగిపోయిన ఆమె గురించి చెప్పాను కదా. గుండె వేగంగా కొట్టుకుంటే చాలు, ప్రాణం పోతోందని ఆమెకు భయం. ఆ దడకు ప్రమాదం లేదని నేను నోటితో వందసార్లు చెప్పినా మనసు నమ్మదు, ఒళ్ళు చూసి నమ్మాలి. గుండె డాక్టరు ఏ ఇబ్బందీ లేదన్నాక, ఐదో సెషన్‌లో ఇద్దరం బయటికొచ్చి ఆ 19 మెట్లే గబగబా ఎక్కి దిగాం, మూడుసార్లు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది, పైపెదవి మీద చెమట. “వచ్చేసింది మేడమ్, అదే వచ్చేసింది” అంది. “రానివ్వండి, గడియారం చూడండి” అన్నాను. రెండు నిమిషాలకు తగ్గడం మొదలైంది. ఏమీ చేయకుండానే తగ్గడం ఆమె మొదటిసారి చూసింది. తర్వాత బస్టాండులో ఊరికే కూర్చోవడం, ఆ తర్వాత బస్సెక్కి చంద్రగిరి దాకా పోయి రావడం. పదకొండో సెషన్ తర్వాత ఒక్కతే బస్సులో మదనపల్లెలో కూతురి దగ్గరికి పోయింది. దిగి నాకు ఫోన్ చేసింది. వెనక కండక్టరు అరుపులు, ఆమె మాట సరిగ్గా వినబడలేదు. వినబడాల్సిన అవసరమూ లేకపోయింది.

ఈ చీటీ చూడండి, పెన్నుతో గట్టిగా నొక్కి రాశారు: “మా ఊళ్ళో తెలిసిపోదు కదా?”

ఈ ప్రశ్నకు నాకొక సొంత జవాబుంది. నేను చదువుకునే రోజుల్లో మా నాన్న పోయినారు. నిద్ర పట్టేది కాదు, పుస్తకం ముట్టబుద్ధయ్యేది కాదు. వేరే ఊళ్ళో ఒక చోటికి కౌన్సెలింగ్‌కి పోయాను. హాలు నిండా మనుషులు. కౌంటర్లో ఉన్నాయన ఫైలు పైకెత్తి “డిప్రెషన్ కేసు ఎవరండీ?” అని గట్టిగా అరిచాడు. లేచి నిలబడాల్సింది పోయి తల దించుకుని బయటికి నడిచి వచ్చేశాను. మళ్ళీ ఇంకో చోటికి పోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది నాకెవరూ తిరిగివ్వలేరు. మా క్లినిక్‌లో పేరు పిలవం, టోకెన్ నంబరు పిలుస్తాం. ఒకరికీ ఇంకొకరికీ మధ్య పావుగంట ఖాళీ ఉంచుతాం, మెట్ల మీద ఎదురుపడకుండా.

మీరు చెప్పింది రహస్యంగా ఉంచడం నా మంచితనం కాదు, మీ హక్కు. 2017 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. మీ రికార్డులు మీరు చూసుకునే హక్కు 25వ సెక్షన్‌లో ఉంది. భర్త ఫోన్ చేసి “మా ఆవిడ ఏం చెప్పింది?” అని అడిగితే, ఆమె చెప్పమంటే తప్ప నేను చెప్పను. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని మొదటిరోజే చెప్తాం. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదముంటే కాపాడటానికి అవసరమైనంత వరకు చెప్పాల్సి వస్తుంది. కోర్టు ఆదేశిస్తే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇది చెప్పకుండా “అంతా రహస్యమే” అంటే అది సగం నిజమే.

మనది చిన్న ఊరు. నేను మీకు పెళ్ళిలో కనిపిస్తాను, గోవిందరాజస్వామి గుడి దగ్గర కనిపిస్తాను, కూరగాయల దగ్గర కనిపిస్తాను. అక్కడ నేను ముందుగా పలకరించను. పొగరనుకోవద్దు. మీ పక్కనున్నవాళ్ళు “ఆమె నీకెట్లా తెలుసు?” అని అడిగే అవకాశం రాకూడదని. మీరు పలకరిస్తే సంతోషంగా మాట్లాడతాను.

మొక్కులు, తాయెత్తుల గురించి ఒకరు అడిగారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. నాకేం అభ్యంతరం లేదు, దేవుడి దగ్గర దొరికే ధైర్యం నేను తీసేయను. పూజ కోసం మాత్రలు మాత్రం ఆపకండి. ముఖ్యంగా లిథియం, అంటే మూడ్ మరీ పైకీ కిందికీ పోకుండా ఇచ్చే మందు, వాడుతున్నవాళ్ళు వినండి. ఉపవాసముండి, నీళ్ళు తాగకుండా ఎండలో కొండెక్కితే ఒంట్లో నీరు తగ్గి ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. అది ప్రమాదం. డాక్టరును అడక్కుండా కాలినడక పెట్టుకోవద్దు.

“నచ్చకపోతే మార్చుకోవచ్చా?” మార్చుకోవచ్చు. రెండు మూడు సెషన్లు చూడండి, కుదరలేదనిపిస్తే చెప్పి మారండి. నేనే ఇంకొకరి పేరు రాసిస్తాను. కానీ మిమ్మల్ని తిడితే, తన సొంత గోడు మీకు చెప్పుకుంటే, రాత్రిళ్ళు వాట్సాప్‌లో కబుర్లు పెడితే, బయట ఎక్కడైనా కలుద్దామంటే, ఒంటి మీద చెయ్యేస్తే, కుదురుతుందేమోనని చూడొద్దు. ఆ రోజే మానేయండి. ఆర్‌సీఐకి ఫిర్యాదు చేయవచ్చు.

ఆన్‌లైన్లో చెయ్యొచ్చా అని అడిగారు. చెయ్యొచ్చు, ఇంట్లో తలుపేసుకునే గది ఉంటే.

చివరి చీటీ. ఇది నోటుబుక్కు చించి రాసింది. “మా అబ్బోడికి 22 ఏళ్ళు. గది నుంచి బయటికి రాడు. క్లినిక్ అంటే అరుస్తాడు. నేనొక్కదాన్నే రావచ్చా?”

రావచ్చమ్మా. అతనికి పద్దెనిమిది దాటింది, ఇష్టం లేకుండా లాక్కొస్తే లోపల నోరు తెరవడు, తర్వాత మిమ్మల్నీ నమ్మడు. మీరొక్కరే రండి. అతనిలో మీకు కనిపిస్తున్న మార్పులు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎట్లా ఉంది, ఏం తింటున్నాడు, ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడా, చచ్చిపోతానన్న మాట ఎప్పుడైనా అన్నాడా. ఆఖరిది ఉంటే రేపటి దాకా కూడా ఆగొద్దు. అతనితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో మనమిద్దరం కూర్చుని చూసుకుందాం. కొన్నిసార్లు అమ్మ నాలుగుసార్లు వచ్చిపోయాక కొడుకు అడుగుతాడు, “అక్కడ నువ్వేం మాట్లాడతావు?” అని.

ఈ చీటీ నేను మడిచి నా దగ్గరే పెట్టుకుంటాను, ఎవరికీ చూపించను. నేను ఎనిమిదింటి దాకా ఈ హాల్లోనే, ఆ కిటికీ పక్కన కూర్చుని ఉంటాను.